కంటి చూపు ఐదు నిమిషాలు పోయి మళ్ళీ వస్తే

అందరికీ నమస్కారమండి. ఇవాళ కళ్ళ గురించి మాట్లాడాలి, కానీ ముందు మా మావయ్య సంగతి చెప్తాను, నేను కళ్ళ డాక్టర్ అవడానికి సగం కారణం ఆయనే కాబట్టి.

మావయ్య లెక్కల మాస్టారు, అప్పటికి రిటైరై రెండేళ్ళయింది. ఒకరోజు పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపర్ చదువుకుంటున్నారు, ఉన్నట్టుండి కుడి కంటికి పైనుంచి షాపు షట్టర్ దించినట్టు నల్లగా దిగిపోయిందట. నొప్పి లేదు, మంట లేదు, నీళ్ళు కూడా కారలేదు. కళ్ళు నులుముకున్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అత్తయ్య లోపల్నుంచి వచ్చేసరికి, ఐదు నిమిషాలు కూడా అయ్యుండవు, ఆ నలుపు మెల్లగా పైకి లేచిపోయి మళ్ళీ పేపర్ మామూలుగా కనబడింది. వేడి చేసుంటుందిలే అని అత్తయ్య గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది, ఆయన తాగేసి కూరగాయలకి వెళ్ళిపోయారు. మూడో రోజు రాత్రి భోజనం చేస్తూ ఎడమ చేత్తో మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే చెయ్యి లేవలేదు.

పక్షవాతం. కుడి కంటికీ ఎడమ చేతికీ సంబంధం ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, అసలు ఎవరికి మాత్రం తడుతుంది చెప్పండి. మెడకి పక్కన వేలు పెడితే నాడి కొట్టుకుంటుంది కదా, ఆ పెద్ద రక్తనాళం పేరు కెరోటిడ్. కుడివైపుది పైకెళ్ళి కుడి మెదడుకి రక్తం ఇస్తుంది, దార్లో ఒక సన్నని కొమ్మ కుడి కంటికి పంపుతుంది. ఆ కుడి మెదడే మన ఎడమ చేతినీ ఎడమ కాలినీ నడిపిస్తుంది. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్లు వీటివల్ల ఆ నాళం గోడకి లోపల కొవ్వు పేరుకుంటుంది, దాన్నుంచి చిన్న ముక్క ఊడి కంటి కొమ్మలో ఇరుక్కుంటే కంటి వెనక ఉండే పొర రెటీనాకి రక్తం ఆగిపోయి చూపు పోతుంది, ఆ ముక్క చితికి ముందుకి జారిపోతే చూపు మళ్ళీ వచ్చేస్తుంది. మావయ్యకి అరుగు మీద జరిగింది ఇదే. రెండో ముక్క కంటివైపు తిరక్కుండా నేరుగా పైకి వెళ్ళింది, అంతే తేడా.

కొందరికి ఇలా అడ్డుపడే ముక్క రక్తపు గడ్డగా గుండెలోంచి కూడా వస్తుంది, గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళకి ముఖ్యంగా. డాక్టర్లు ఇలా చూపు పోయి రావడాన్ని అమరోసిస్ ఫ్యూగాక్స్ అంటారు, పేరు గుర్తు లేకపోయినా పర్లేదు, ఇది కంటికి వచ్చిన మినీ స్ట్రోక్ అని గుర్తుంటే చాలు. దీని తర్వాత పెద్ద స్ట్రోక్ వచ్చే ప్రమాదం మొదటి రెండు మూడు రోజుల్లోనే అన్నిటికంటే ఎక్కువ. చూపు తిరిగి వచ్చేసింది కదా, వచ్చే వారం చూపించుకుందాంలే అనుకునేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే, నాకు బాధంతా అక్కడేనండి.

అలాగని కళ్ళు చీకట్లు కమ్మిన ప్రతిసారీ స్ట్రోక్ అని భయపడక్కర్లేదు. మనం అన్నిటికీ కలిపి కళ్ళు బైర్లు కమ్మాయి అనేస్తాం, కానీ మంచం మీంచి గబుక్కున లేచినప్పుడు, ఎండలో క్యూలో నిలబడ్డప్పుడు, ఒక్కపొద్దు ఉన్న రోజున రెండు కళ్ళూ ఒకేసారి మసకబారి తల తేలిపోయి కూర్చోగానే సర్దుకుంటే అది ఎక్కువసార్లు బీపీ పడిపోవడం. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి, ఒంట్లో నీళ్ళు తగ్గినవాళ్ళకి మామూలే, షుగర్ మందులు వాడేవాళ్ళకైతే షుగర్ పడిపోయిందేమో వెంటనే చెక్ చేసుకోవాలి.

మైగ్రేన్ ఇంకో రకం. మెరిసే వంకర టింకర గీతలు ఒక మూల మొదలై మెల్లగా పెద్దవవుతూ చూపులో పాకుతాయి, ఓ 20 నిమిషాల నుంచి గంటలోపు పోతాయి, తర్వాత తలనొప్పి పట్టుకుంటుంది, కొందరికి తలనొప్పి రాకపోవచ్చు కూడా. చిన్నప్పట్నుంచీ వస్తుంటే సరే గానీ, 50 దాటాక జీవితంలో మొదటిసారి వస్తే మాత్రం మైగ్రేనేలే అని మీరే తేల్చేసుకోకండి.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. 2016లో లండన్ డాక్టర్లు ఇద్దరు ఆడవాళ్ళ గురించి ఒక మెడికల్ జర్నల్లో రాశారు, ఒకామెకి 22 ఏళ్ళు, ఇంకొకామెకి 40. చీకట్లో పక్కకి తిరిగి పడుకుని ఒక కన్ను దిండులో కప్పబడిపోయి రెండో కంటితో ఫోన్ చూసేవాళ్ళు, ఫోన్ పక్కన పెట్టగానే చూసిన కంటికి కాసేపు ఏమీ కనబడేది కాదు. వెలుగుకి అలవాటుపడ్డ కన్ను చీకటికి సర్దుకోడానికి పట్టే టైమే అది, జబ్బు కాదు. రెండు కళ్ళతో చూస్తే రాదు.

ఊరుకోకూడనివి ఇంకా ఉన్నాయి. వంగినప్పుడో లేచినప్పుడో కొన్ని సెకండ్లు చూపు పోయి వస్తూ రోజూ తలనొప్పి, చెవుల్లో హోరు ఉంటే తలలో ప్రెషర్ పెరిగిందేమో చూడాలి, వయసులో ఉండి బరువు పెరిగిన ఆడపిల్లల్లో ఇది చూస్తుంటాం. లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనబడి, కన్ను ఎర్రబడి, వాంతి వచ్చేంత నొప్పి ఉంటే కంటి ప్రెషర్, అంటే గ్లాకోమా. పెద్దవయసు వాళ్ళకి నమిలేటప్పుడు దవడ నొప్పి, తల దువ్వుకుంటే నెత్తి మీద నొప్పి ఉండి చూపు పోయి వస్తుంటే రక్తనాళాల వాపు కావచ్చు. మన దగ్గర అరుదే గానీ, ఆలస్యం చేస్తే రెండో కన్ను కూడా పోతుంది. మెరుపులు మెరిసి, నల్ల చుక్కలు రాలి, తెర దిగి అలాగే ఉండిపోతే రెటీనా ఊడిందేమో, అది ఆ రోజే చూపించుకోవాలి.

చూపు పోయిన ఆ కాసేపట్లోనే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఒక కన్ను చేత్తో మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. ఒక కన్నే పోయిందా, రెండిట్లోనూ ఒకే పక్క సగం పోయిందా అనేది ఆ నిమిషంలో మీకు తప్ప ఎవరికీ తెలీదు, నేను ఎన్ని మిషన్లు పెట్టి చూసినా చూపు వచ్చేశాక చెప్పలేను. టైమ్ చూసుకోండి. కంట్లో ఉల్లిపాయ రసం, తేనె, చనుబాలు ఏవీ పొయ్యొద్దు. స్కాన్ అవకుండా ఆస్పిరిన్ కూడా సొంతంగా వేసుకోకండి, లోపల రక్తస్రావం ఉంటే ప్రమాదం. చూపు తిరిగి రాకపోయినా, మాట తడబడ్డా, మూతి వంకరపోయినా 108కి ఫోన్ చెయ్యండి, రెటీనా రక్తం లేకుండా 4 గంటలు తట్టుకోవడం కూడా కష్టం. చూపు వచ్చేసినా సరే ఆ రోజే స్కాన్, న్యూరాలజీ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళండి, బండి మీరు నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. అక్కడ మెదడుకి ఎమ్మారై, మెడకి డాప్లర్, ఈసీజీ, గుండెకి టూడీ ఎకో, షుగరు, కొలెస్ట్రాల్ చూస్తారు.

కౌంటర్ దగ్గర మాత్రం కళ్ళు మసకగా ఉన్నాయి అనకండి, అలా అంటే కళ్ళజోడు కోసం వచ్చారనుకుని టోకెన్ ఇచ్చి కూర్చోబెడతారు. ఇలా చెప్పండి: పొద్దున ఏడింటికి కుడి కంటి చూపు ఒక్కసారిగా పోయి ఐదు నిమిషాలకి వచ్చింది, స్ట్రోక్ ఏమోనని వచ్చాను.

ఉంటానండి, నమస్కారం.