పది సెంటీమీటర్ల వానకు ఎంత వరద?

శ్రోతలకు నమస్కారం.

ఈశాన్య రుతుపవనాలు మొదలైతే తిరుపతి వాళ్ల చూపు కొండ మీదికే పోతుంది. కొండ కింది కపిలతీర్థం జలపాతం దూకుతోందంటే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూస్తాం. 2021 నవంబరులో ఆ నీళ్లే ఊరి మీద పడ్డాయి. వీధులు వాగులయ్యాయి. ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడ్డాయి. రాయలచెరువు కట్టకు లీకేజీ పడి, కింది పల్లెల జనాన్ని ఖాళీ చేయించారు.

"ఇన్ని సెంటీమీటర్ల వాన పడుతుందని చెప్తారు గదా, మా వీధిలోకి నీళ్లొస్తాయో రావో ఎందుకు చెప్పరు?" అని అప్పటినుంచీ చాలామంది అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే.

పడిన వానంతా పారదు. కొంత ఆకుల మీద ఆగుతుంది, కొంత గుంటల్లో నిలుస్తుంది, కొంత నేల తాగుతుంది. మిగిలింది వంకలో పడుతుంది. ఆ మిగిలేది ఎంత, ఎంతసేపట్లో కిందికి వస్తుంది అన్నదే కంప్యూటరు మీద నడిచే వరద నమూనాలు (మోడళ్లు) వేసే లెక్క. వీటిలో కర్వ్ నంబర్ పద్ధతి బాగా వాడుకలో ఉంది. నేల రకాన్ని, దాని మీదున్న అడవి, పైరు, ఇళ్లను చూసి 100 లోపు ఒక నంబరు ఇస్తారు. నీళ్లు ఇంకని నేలకు నంబరు ఎక్కువ.

70 నంబరు నేల మీద 5 సెంటీమీటర్ల వాన పడిందనుకోండి. పారేది సుమారు 6 మిల్లీమీటర్లే. 10 సెంటీమీటర్లు పడితే 33 మిల్లీమీటర్లు పారుతుంది. అంటే వాన రెట్టింపైతే పారే నీళ్లు ఐదు రెట్లు దాటాయి. ముందు ఐదు రోజులు ముసురు పట్టి నేల బాగా నాని ఉంటే ఆ 70 కాస్తా 85 అవుతుంది. అప్పుడు అదే 10 సెంటీమీటర్లకు 61 మిల్లీమీటర్లు పారుతుంది. ఇక సిమెంటు, తారు పరిచి 90 నంబరుకు చేరిన చోట 73 మిల్లీమీటర్లు. చదరపు కిలోమీటరుకు 7 కోట్ల 30 లక్షల లీటర్లన్నమాట! అందుకే టీవీలో చెప్పే సెంటీమీటర్లను బట్టి మాత్రమే ధైర్యపడొద్దు, అంతకుముందు వారం ఎంత తడిసిందో కూడా చూడండి.

నాకు ఎక్కువ దిగులు చెరువుల గురించే. మన పెద్దలు చెరువులను గొలుసుగా కట్టారు. పై చెరువు నిండి మొరవ పోతే, అంటే మిగులు నీళ్లు పొర్లితే, ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. కొండ నుంచి ఉరికొచ్చే నీళ్లను అవి కాసేపు ఆపి, నిదానంగా వదులుతాయి. పేరూరు, అవిలాల లాంటి చెరువులు ఊరికి చేసే మేలు అదే. కానీ పాత రెవెన్యూ మ్యాపులో ఉన్న, చెరువుకు నీళ్లు తెచ్చే సప్లయి కాలువ నేల మీద ఇప్పుడు లేకపోతే? మ్యాపును నమ్మిన కంప్యూటరు నీళ్లను చెరువులోకి పంపిస్తుంది. నీళ్లు మాత్రం నేల వాలును బట్టి వీధిలోకి పోతాయి. అందుకే నమూనా వేసే ఇంజినీరు కాలువ వెంట కాలినడకన వెళ్లి చూడాలి. ఎక్కడ పూడింది, ఎక్కడ గోడ అడ్డొచ్చింది, ఏ కల్వర్టు తూము చిన్నది, అన్నీ రాసుకోవాలి.

ఆకాశాన్ని గమనించే రాడార్లు మన దగ్గరి గాదంకి వాతావరణ పరిశోధన కేంద్రంలోనే ఉన్నాయి. కానీ చిన్న వంకల మీద నీటి మట్టం చూపే కొలబద్దలే అరుదు. లెక్క సరిగ్గా వచ్చిందా అని చూసుకోవాలంటే నిజంగా వచ్చిన వరద వివరం కావాలి. కాబట్టి చెరువు కింద ఉండే రైతులకు, వంక పక్కన ఉండేవాళ్లకు నాదొక విన్నపం. మొరవ ఏ రోజు, ఎన్ని గంటలకు మొదలైందో నోటు పుస్తకంలో రాయండి. నీళ్లు తగ్గాక, గోడ మీద మిగిలిన బురద గీత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, తేదీ వేసి, ఫోటో తీసి గ్రామ సచివాలయంలో ఇవ్వండి.

నమస్కారం.