టీవీ కట్టేస్తే దెబ్బ ఎవరికి తగులుతుంది?

నమస్తే అండీ. ఐపీఎల్ వేలం అయిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "ఈ జట్టుని బాయ్‌కాట్ చేద్దాం, ఎవరూ మ్యాచ్ చూడొద్దు" అని. నేనూ ఆ మెసేజ్ పంపినవాణ్నే. ఒక సీజన్లో మా బ్యాచ్ పన్నెండు మందిమి ఒక జట్టు మీద కోపంతో, దాని మ్యాచ్‌లు చూడమని ఒట్టు పెట్టుకున్నాం. రావులపాలెంలో రోజూ కూర్చునే టీ కొట్టుకి కూడా వెళ్లడం మానేశాం, అక్కడ టీవీలో మ్యాచ్ నడుస్తుంది కాబట్టి. నెల తిరిగాక టీ కొట్టాయన ఎదురుపడి, "మీరు రాకపోతే సాయంత్రం పాలు మిగిలిపోతున్నాయి బాబూ" అన్నాడు. జట్టు యజమానికి తగలాలనుకున్న దెబ్బ ఆయనకు తగిలింది. ఆ రోజు నుంచే ఈ డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో వెతకడం మొదలుపెట్టాను.

2023 నుంచి 2027 వరకు అయిదు సీజన్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. అంటే ఏడాదికి 9,678 కోట్లు. అందులో దాదాపు సగం పది జట్లకు పంచుతారు. ఒక్కో జట్టుకు నాలుగు వందల కోట్ల పైమాటే అన్నమాట. జట్టు గెలిచినా ఓడినా, అభిమానులకు కోపం వచ్చినా రాకపోయినా, ఆ వాటా ఒప్పందం ప్రకారం వస్తుంది. దాని ముందు టికెట్ల డబ్బు చిన్న ముక్క.

2024లో ముంబయి జట్టు సంగతి గుర్తుందా? రోహిత్‌ని తీసి హార్దిక్‌ని కెప్టెన్ చేశారని అభిమానులు సోషల్ మీడియాలో లక్షల్లో అన్‌ఫాలో కొట్టారు. వాంఖడేలో హార్దిక్ కనిపిస్తే చాలు, కేకలు. జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. కానీ స్టేడియంలో కేకలు వేసినవాళ్లందరూ టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లినవాళ్లే కదండీ!

మరి మన ఇంట్లో టీవీ కట్టేస్తే? ఇది నాకు తెలిసినప్పుడు చాలా బాధ వేసింది. టీవీ రేటింగ్ లెక్కగట్టే బార్క్ సంస్థ దేశం మొత్తం మీద 50 వేలకు పైగా ఇళ్లలో మీటర్లు పెట్టి, వాటి ఆధారంగా అంచనా వేస్తుంది. మీ ఇంట్లో ఆ మీటర్ లేకపోతే మీరు మ్యాచ్ చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. అమలాపురం నుంచి నరసాపురం దాకా మనలో ఎక్కువమంది కోపం ఆ లెక్కలోకే రాదు. ఫోన్ అలా కాదు. ఫోన్లో ప్రతి మనిషీ ఒక అంకె. ఎంతమంది చూస్తున్నారో యాప్ వాళ్లకు అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

డబ్బు నిజంగా కదిలిన సందర్భాలు ఉన్నాయి. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా వస్తువులు వద్దని జనం గట్టిగా పట్టుకున్నారు. ఐపీఎల్ పేరు ముందు తన పేరు పెట్టుకోవడానికి ఏడాదికి 440 కోట్ల దాకా ఇచ్చే టైటిల్ స్పాన్సర్, చైనా ఫోన్ల కంపెనీ వివో ఆ ఏడాది తప్పుకుంది. ఆ స్థానంలో డ్రీమ్ ఎలెవన్ 222 కోట్లకు వచ్చింది. అంటే ఒక్క సీజన్లో ఆ పద్దు సగానికి పడిపోయింది. జనం కోపం తన పేరుకి అంటుకుంటుందని ముందు భయపడేది స్పాన్సరే.

అమెరికాలో 1994 ఆగస్టులో బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మెకు దిగారు. ఆ ఏడాది వరల్డ్ సిరీసే రద్దయింది. మళ్లీ ఆట మొదలయ్యాక, 1995లో, స్టేడియానికి వచ్చే జనం సగటున అయిదో వంతు తగ్గిపోయారు. అలవాటు తప్పిన మనిషిని వెనక్కి రప్పించడం ఏ లీగ్‌కైనా కష్టమే.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానుల పద్ధతి. క్లబ్ కొత్త స్టాండ్‌లో టికెట్ ధర 77 పౌండ్ల దాకా పెంచుతామంది. 2016 ఫిబ్రవరి 6న సండర్‌లాండ్‌తో మ్యాచ్. లివర్‌పూల్ 2-0తో ముందుంది. సరిగ్గా 77వ నిమిషంలో వేల మంది లేచి బయటికి నడిచారు. ఆ తర్వాత సండర్‌లాండ్ రెండు గోల్స్ కొట్టి మ్యాచ్ సమం చేసింది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి, ధర పెంపు వెనక్కి తీసుకున్నారు. అడిగింది ఒక్కటే, అంకె ఒక్కటే, నిమిషం ఒక్కటే. దేశమంతా చూసింది.

మనకిది కొత్తేం కాదండీ. 2011లో కోనసీమ రైతులు సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, క్రాప్ హాలిడే ప్రకటించారు. దాదాపు లక్ష ఎకరాలు నాట్లు లేకుండా వదిలేశారు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చులు, పూడిపోయిన మురుగు కాలవలు: ఎందుకు వేయడం లేదో అందరికీ తెలిసేలా చెప్పారు. వాళ్ల సమస్యలు చూడడానికి ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ అలాగే వచ్చింది. కానీ ఆ సార్వాలో నాట్లకు వెళ్లే కూలీలకు పని పోయింది. మా టీ కొట్టాయన మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ కూలీలే.

ఇప్పటి ప్రసార ఒప్పందం 2027తో అయిపోతుంది. ఆ తర్వాతి హక్కులకు ఎంత పెట్టాలో కొనేవాళ్లు ఇప్పటి అంకెలు చూసే లెక్కేసుకుంటారు. అందుకే ఈసారి కోపం వస్తే మా బ్యాచ్ ఏం చేయాలో మాట్లాడుకున్నాం. టీ కొట్టు మానం. మాకేం కావాలో ఒక్క వాక్యంలో రాసి ముందురోజే పెడతాం. మ్యాచ్ మొదలైనప్పుడు పవర్‌ప్లే ఆరు ఓవర్లూ ఫోన్లలో యాప్ ఆపేసి అక్కడే కూర్చుంటాం. పన్నెండు మందితో ఆ అంకె కదలదని మాకు తెలుసు. రాజోలు, పాలకొల్లు, భీమవరం, తణుకు, మీ ఊళ్లలో ఎంతమంది కలుస్తారో కింద రాయండి. మొదటి ఆరు ఓవర్లా, చివరి నాలుగు ఓవర్లా అన్నది కూడా మీరే చెప్పండి.