కుక్కకు స్నానం: అసలు పని నీళ్లకు ముందూ తర్వాతా

అందరికీ నమస్కారం. బాత్రూమ్ తలుపు చప్పుడు వినగానే మంచం కిందికి దూరిపోయే కుక్కలుంటాయి కదా, ఈ వీడియో వాటిని పెంచుకునేవాళ్ల కోసం.

స్నానం అనగానే ఎవరైనా ముందు షాంపూ గురించే అడుగుతారు. ఏది వాడాలి, వాసన ఎన్ని రోజులుంటుంది అని. నన్నడిగితే ఆ శ్రద్ధలో సగం దువ్వెన మీద, తువ్వాలు మీద పెట్టండి. స్నానం అయ్యాక మొదలయ్యే దురదలు చాలావరకు ముందు దువ్వకపోవడం వల్లో, తర్వాత సరిగ్గా ఆరబెట్టకపోవడం వల్లో వస్తాయి.

మొదట దువ్వుదాం. బొచ్చు పొడిగా ఉన్నప్పుడే దువ్వాలి. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య, మెడ బెల్టు కింద వెంట్రుకలు ఉండలు కడతాయి. ఉండ తడిస్తే ఇంకా బిగుసుకుపోతుంది. అడుగున తడీ షాంపూ ఇరుక్కుని చర్మం ఎర్రబడుతుంది. అందుకే వేళ్లతో విడదీసి, కొసల నుంచి కొంచెం కొంచెంగా లోపలికి దువ్వుకుంటూ రండి. కత్తెర మాత్రం పట్టుకోకండి. ఉండను పట్టి లాగితే చర్మం కూడా దానితో పాటే లేస్తుంది, వెంట్రుక ఎక్కడ అయిపోయిందో కనిపించదు. విడిపోనంత గట్టిగా ఉంటే కుక్కల బొచ్చు కత్తిరించే గ్రూమర్ దగ్గర మెషిన్‌తో తీయించడమే మంచిది.

ఇక్కడే ఒక మాట. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, హస్కీ లాంటి వాటికి బొచ్చు రెండు పొరలు. ఎండలు ముదిరాయని వాటికి గుండు గీయించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ బొచ్చే వాటి చర్మాన్ని ఎండ నుంచి కాపాడేది. గీయించాక మళ్లీ మునుపటిలా పెరుగుతుందన్న గ్యారంటీ కూడా లేదు. లోపలి పొరలో రాలిన నూగును దువ్వి తీసేస్తే చాలు, గాలి ఆడుతుంది.

సరే, బాత్రూమ్‌లోకి వెళ్దాం. నీళ్లంటే భయం అనుకుంటాం గానీ, చాలా కుక్కలకు అసలు టెన్షన్ జారే నేలతోనే. కాళ్ల కింద రబ్బరు మ్యాట్ గానీ పాత తువ్వాలు గానీ వేసి చూడండి, సగం పెనుగులాట తగ్గిపోతుంది. కుక్క అదే పనిగా మూతి నాకుతోందా, ఆవలిస్తోందా, తోక కాళ్ల మధ్యకు ముడిచిందా? ఆవలింత చూసి నిద్ర వస్తోందనుకునేరు, అది కంగారు పడుతోంది. ఒక నిమిషం ఆగండి, ఇష్టమైన తిండి ముక్క ఒకటి పెట్టండి.

నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, మీ మణికట్టు మీద పోసుకుంటే వేడి తెలియకూడదు. మెడ నుంచి వెనక్కి తడపండి. తల మీద కుమ్మరించొద్దు, ముఖానికి తడిగుడ్డ సరిపోతుంది. కుక్క చెవి గొట్టం కిందికి దిగి, అక్కడ నుంచి లోపలికి మలుపు తిరుగుతుంది. అందుకే నీళ్లు వెళ్తే ఒక పట్టాన బయటికి రావు, ఇన్ఫెక్షన్‌కు దారితీయొచ్చు. చెవి మొదట్లో దూది ఉండ పెట్టండి, స్నానం అయ్యాక తీయడం మర్చిపోకండి. ఇయర్‌బడ్స్ వద్దు, గుబిలిని ఇంకా లోపలికి నెడతాయి.

ఇక షాంపూ. మన చర్మం కాస్త ఆమ్ల గుణంతో, పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది. కుక్కది 7కు దగ్గర, అంటే ఆమ్లమూ క్షారమూ కాని మధ్య స్థాయికి. కాబట్టి మన షాంపూలు వద్దు, కుక్కల కోసం చేసినదే వాడండి. మగ్గులో నీళ్లతో కలిపి పోస్తే బొచ్చంతా సమానంగా పట్టి, కడిగితే తేలిగ్గా పోతుంది. డాక్టర్ రాసిన మందు షాంపూ అయితే సాధారణంగా 10 నిమిషాలు ఒంటి మీద ఉంచాలి, లేకపోతే డబ్బు దండగ. ఇక కడగడం... రుద్దినంత సేపటికి రెండింతలు కడగండి. పొట్ట కింద, వేళ్ల సందుల్లో జిగురు మిగిలిపోతుంది.

ఇప్పుడు వెనక్కి జరగండి, అది విదిలించుకుంటుంది. లాబ్రడార్ సెకనుకు నాలుగైదు సార్లు ఒళ్లు తిప్పేస్తుంది, మన తువ్వాలు కంటే ముందే బోలెడు నీళ్లు వదిలించేస్తుంది. ఆపకండి, గోడలు తర్వాత తుడుచుకోవచ్చు.

పైపైన ఆరినట్టు కనిపిస్తే నమ్మొద్దు. వేళ్లు బొచ్చులోకి పెట్టి చర్మం దగ్గర చూడండి. అక్కడ తడి నిలిస్తే పుండ్లు పడతాయి. పొడవాటి బొచ్చును తువ్వాలుతో రుద్దకుండా అద్దండి, రుద్దితే మళ్లీ చిక్కులే. డ్రయ్యర్ వాడితే చల్లగాలి మీదే పెట్టండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలు వేడికి త్వరగా ఆయాసపడతాయి.

ఎన్నాళ్లకోసారి అంటే, ఆరోగ్యంగా ఉన్నదానికి మామూలుగా నెలకోసారి చాలు. చేయించిన రెండు రోజులకే వాసన వస్తోందంటే మళ్లీ బకెట్ నింపకండి. చెవులు, పళ్లు, చర్మం చూపించండి. టిక్స్, అంటే పిడుదులు పట్టకుండా మెడ మీద చుక్కల మందు వేస్తుంటే, దానికి రెండు రోజులు ముందూ వెనకా స్నానం వద్దు, ఆ మందు చర్మంలోని నూనెతోనే ఒళ్లంతా పాకాలి.

చివరగా గోళ్లు. నానాక మెత్తబడతాయి కాబట్టి ఇదే మంచి సమయం. తెల్ల గోరులో గులాబీ రంగులో రక్తనాళం కనిపిస్తుంది, దానికి ఇవతలే ఆపాలి. నల్ల గోరైతే పలుచగా కోస్తూ పోండి, కోసిన చోట మధ్యలో చుక్క కనిపించగానే ఆపేయండి. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది కాసేపు నొక్కి పట్టుకోండి. ముందుకాలి లోపలి వైపు పైన ఉండే బొటనవేలి గోరు నేలకు తగలదు, అరగదు. వదిలేస్తే వంకర తిరిగి కండలోకి దిగుతుంది. కాలు లాక్కుంటుంటే ఇవాళ ఒక్క పాదమే కత్తిరించండి, మిగతావి రేపు చూసుకోవచ్చు.