కుట్టి ఇచ్చిపుచ్చుకునే సరదా

శ్రోతలకు నమస్కారం. సరదాకు కుట్టుపని నేర్చుకున్నవారిలో చాలామంది ఒక దశలో చిన్న సంచుల దగ్గర స్థిరపడిపోతారు. జిప్పు పెట్టిన పౌచ్‌లు, నాడా లాగితే మూతి ముడుచుకునే తిత్తులు, కళ్లజోడు కవర్లు మళ్లీ మళ్లీ కుడుతూ ఉంటారు. ఒంటి కొలతలు తీసుకోనక్కరలేదు, సరిపోతుందో లేదోనన్న బెంగ లేదు, మిగిలిన గుడ్డముక్కలతోనే ఒక సాయంత్రానికి పని పూర్తవుతుంది. చిక్కల్లా ఒక్కటే. నాలుగైదు పౌచ్‌లు కుట్టేసరికి వాటిలో దాచడానికి ఇంట్లో వస్తువులు అయిపోతాయి కాని, కుట్టాలన్న ఉబలాటం తీరదు. ఇచ్చిపుచ్చుకోవడం అక్కడే మొదలవుతుంది.

ఈ సరదా ఉన్నవారు కొందరు ఒక జట్టుగా చేరి, ఎవరు ఎవరికి కుట్టాలో చీట్లు వేసి నిర్ణయించుకుంటారు. ఇద్దరిద్దరిని జత కట్టడం తేలికే కాని, నేనైతే గొలుసు పద్ధతినే మెచ్చుకుంటాను: మొదటివారు రెండోవారికి, రెండోవారు మూడోవారికి, అలా చివరివారు మొదటివారికి పంపుతారు. జతలో ఉన్నప్పుడు నేను ఇచ్చినది గొప్పదా, నాకు వచ్చినది గొప్పదా అని మనసు ఊరకే తూకం వేస్తుంది. గొలుసులో ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకునేవారు మరొకరు కాబట్టి ఆ తూకానికి చోటుండదు. పౌచ్ కొలత, పంపవలసిన గడువు, వెంట పెట్టే చిల్లర కానుకల సంఖ్య ముందే అనుకోవాలి. ఇష్టాయిష్టాలు రాసే కాగితంలో ఏ రంగు నచ్చుతుందన్న ప్రశ్న కంటే ఏది నచ్చదన్న ప్రశ్న ఎక్కువ పనికివస్తుంది. నచ్చేవి అడిగితే అందరూ పూలు, ఆకుపచ్చ అని రాసి ఊరుకుంటారు. నచ్చనివి అడిగితే మెరుపులు వద్దు, అత్తరు వాసన పడదు అని కచ్చితంగా చెబుతారు.

ఇక అసలు పనికి వద్దాం. ఈనాడు మనం వాడే జిప్పు రూపానికి గిడియన్ సండ్‌బ్యాక్ అనే ఇంజినీరు 1917లో పేటెంట్ పొందారు. అప్పటివన్నీ లోహపు పళ్లవే. పౌచ్‌లు కుట్టేవారికి మాత్రం తరువాత వచ్చిన నైలాన్ జిప్పే వరం. కావలసినదానికంటే పొడవైన జిప్పు తీసుకుని, జిప్పును తెరిచి మూసే రన్నర్‌ను మధ్యకు జరిపి, కొసల మీదుగా మిషన్ కుట్టు వేసి, మిగిలినది కత్తిరించవచ్చు. లోహపు పళ్ల మీద అలా కుట్టబోతే సూది విరుగుతుంది.

పై గుడ్డ బొమ్మ వైపు మీదికి ఉండాలి, దానిపై జిప్పు బోర్లా, ఆపైన లైనింగ్ బోర్లా. మూడింటి అంచులూ కలిపి, జిప్పు ఫుట్ (జిప్పు పళ్లకు ఆనుకుని కుట్టడానికి మిషన్‌కు బిగించే సన్నని పాదం) పెట్టి కుట్టాక, రెండు గుడ్డలనూ వెనక్కి మడిచి ఇస్త్రీ చేసి, జిప్పు పక్కనే 3 మిల్లీమీటర్ల దూరంలో పైనుంచి మరో కుట్టు వేయాలి. తొందరలో చాలామంది వదిలేసే కుట్టు ఇదే. ఇది లేకపోతే లైనింగ్ ఉబ్బి, జిప్పు తీసినప్పుడల్లా రన్నర్‌లో ఇరుక్కుంటుంది. రెండో వైపూ ఇలాగే చేశాక, చుట్టూ కుట్టబోయే ముందు జిప్పును సగం తెరిచి ఉంచాలి. మూసి ఉంచి కుట్టేస్తే సంచిని తిరగేసే దారి ఉండదు, కుట్లు విప్పుకోవాలి. పౌచ్ నిలబడాలనుకుంటే అడుగు మూలలను ముక్కోణంగా నొక్కి అడ్డంగా కుడతారు. 2 అంగుళాల అడుగు కావాలంటే ఎత్తులో 1 అంగుళం, వెడల్పులో 2 అంగుళాలు అందులో పోతాయని కత్తిరించేటప్పుడే లెక్క వేసుకోవాలి. గుడ్డకు బిగువునిచ్చే పేస్టింగ్‌ను కుట్టు గీతకు లోపలే ఆపితే మూలలు లావెక్కవు.

మన కోసం కుట్టుకున్నప్పుడు వీటిలో సగం పట్టించుకోము. లైనింగ్ అడుగున సంచి తిరగేయడానికి వదిలిన సందును ఎలాగోలా మూసి, లోపలిదే కదా, ఎవరు చూస్తారని సర్దుకుంటాము. కుట్టుపని తెలిసినవారికి పంపేటప్పుడు ఆ సర్దుబాటు చెల్లదు. వారు పౌచ్ అందగానే పైబొమ్మను ఒక్క క్షణం చూసి, వెంటనే జిప్పు తీసి లోపలికి చూస్తారు. లైనింగ్‌ను బయటికి లాగి, సందు మూసిన కుట్టును వేలితో తడుముతారు. పక్కన నిలబడి సంజాయిషీ చెప్పుకోవడానికి మనం అక్కడ ఉండము. ఈ ఒక్క ఆలోచనతో చేతిపని మెరుగుపడినంతగా, ఎన్ని పాఠాలు విన్నా మెరుగుపడదని నా నమ్మకం.

పంపేవారికి అందనిది ఇంకొకటుంది, ఉతుకు. పై గుడ్డ కుంచించుకోకుండా లైనింగ్ నూలు మాత్రం కుంచించుకుంటే మొదటి ఉతుకులోనే పౌచ్ ముడతలు పడుతుంది. అందుకని గుడ్డలు రెండింటినీ కత్తిరించక ముందే తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసుకోవాలి. ముదురు రంగైతే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. ఏ గుడ్డో, ఎలా ఉతకాలో రెండు మాటలు రాసిన చీటీ లోపల పెడితే మంచిది. చిల్లర కానుకలు మాత్రం మితంగా ఉండాలి; పౌచ్ కనిపించనంతగా నింపి పంపితే సరదా కాస్తా పోటీ అవుతుంది.

గడువుకు పంపలేనివారు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు. ముందుచూపు గల నిర్వాహకులు ఒక పౌచ్ అదనంగా కుట్టి ఉంచుకుంటారు, ఎవరూ వట్టి చేతులతో మిగలకుండా. ఇక అందుకున్నవారు, చాలా బాగుంది అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, పౌచ్‌ను కొన్ని వారాలు నిజంగా వాడి, జిప్పు కొసలు నిలిచాయా, నాడా ఎక్కడైనా పోగు లేచిందా, మూలలు అరిగాయా అన్నది పంపినవారికి ఒక ఉత్తరం రాయాలి. వారు తరువాతి పౌచ్‌కు గుడ్డ పరిచేటప్పుడు ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టుకుంటారు.