ఇంటల్ నంబర్‌ఫార్మాట్ (Intl.NumberFormat) రివ్యూ: రాయడం బాగుంది, మరి చదవడం?

నమస్కారమండీ. స్క్రీన్ మీద ఒక అంకె పెట్టాను, చూడండి: 1,250. పన్నెండు వందల యాభై అని చదివారు కదా? జర్మనీలో పెరిగినవాళ్లకు ఇదే చూపిస్తే ఒకటింపావు అంటారు. అక్కడ దశాంశానికి కామా పెడతారు, వేలు విడదీయడానికి చుక్క పెడతారు.

ఇప్పుడు కామా తీసి చుక్క పెడుతున్నా: 1.250. కువైట్‌లో పనిచేసే మనవాళ్లకు ఇది బాగా తెలుసు. దినార్‌కి వెయ్యి ఫిల్సులు కాబట్టి చుక్క తర్వాత మూడంకెలు రాస్తారు. అంటే ఒక దినారు, రెండు వందల యాభై ఫిల్సులు. జర్మన్ పద్ధతిలో చదివితే పన్నెండు వందల యాభై దినార్లు అయిపోతుంది. డబ్బు విషయంలో ఇది చిన్న తేడా కాదు.

ఈ తేడాలు చూసుకుని అంకెను ఆయా భాషల పద్ధతిలో రాసిపెట్టడానికి, వెబ్‌పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో ఉన్నదే ఇంటల్ నంబర్‌ఫార్మాట్. 2012లో దీని ప్రమాణం వచ్చింది. ఏ భాషలో ఏ గుర్తు వాడాలన్న సమాచారాన్ని బ్రౌజర్లు, కంప్యూటర్ అక్షరాల ప్రమాణాలు చూసే యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ అనే సమాచార భండారం నుంచి తీసుకుంటాయి. భాష తెలుగు, దేశం ఇండియా అని చెప్పి 1234567.89 ఇచ్చాను. వచ్చింది చూడండి: 12,34,567.89. కామాలు లక్షల లెక్కలోనే పడ్డాయి. జర్మన్‌కి మారిస్తే 1.234.567,89. స్విట్జర్లాండ్ జర్మన్ అంటే వేల మధ్య చుక్క స్థానంలో పైన చిన్న కొమ్ము (’) వస్తుంది. ఒక్క లైన్ కోడ్‌తో ఇంత పని జరగడం నాకు నిజంగా నచ్చింది.

అంకెల సంగతి కూడా చూద్దాం. మరాఠీ అడిగితే దేవనాగరి అంకెలే వస్తాయి, తెలుగు అడిగితే మాత్రం 1, 2, 3 వస్తాయి. ఇది సరైన నిర్ణయమే అంటాను. బస్సు టికెట్ నుంచి కరెంటు బిల్లు దాకా మనం చదివేది వీటినే. శుభలేఖకో పంచాంగానికో తెలుగు అంకెలు కావాలంటే నంబరింగ్ సిస్టమ్‌ని తెలుగు అని అడగండి: ౧౨,౩౪,౫౬౭.౮౯. చక్కగా ఉంది కదూ!

బడ్జెట్ అంకెల దగ్గర మాత్రం నాకు తృప్తి లేదు. లక్ష కోట్లు ఇస్తే 10,00,00,00,00,000 అని రాస్తుంది. నియమం ప్రకారం తప్పు లేదు, కానీ సున్నాలు లెక్కపెట్టుకుంటూ ఎవరు చదువుతారు? మన పేపర్లు 1,00,000 కోట్లు అనో, లక్ష కోట్లు అనో రాస్తాయి. అలా కావాలంటే కోటితో భాగించి, ఆ మాట మీరే జోడించుకోండి.

కోడ్‌ని సరిచూసే టెస్టులు రాసేవాళ్లకు ఒక మాట. ఫ్రెంచ్‌లో వేల మధ్య వచ్చే ఖాళీ మామూలు స్పేస్ కాదు, సన్నటి వేరే అక్షరం. కళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ మీరు మామూలు స్పేస్ రాసి పోల్చితే టెస్ట్ ఫెయిల్ అవుతుంది.

ఇక అసలు లోటు దగ్గరికి వస్తున్నా. ఇది అంకెను రాసిపెడుతుంది కానీ, మనిషి టైప్ చేసింది చదవదు. మా బాబాయి ఎరువుల కొట్టు బాకీల కోసం నేనొక చిన్న యాప్ రాసిచ్చాను. ఆయన ఖాతా పుస్తకంలో రాసినట్టే 1,50,000 అని కొట్టారు. టైప్ చేసిన అక్షరాలను సంఖ్యగా మార్చడానికి నేను వాడిన పార్స్‌ఫ్లోట్ అనే ఫంక్షన్ మొదటి కామా దగ్గర ఆగిపోయి, 1 అని తీసుకుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. లక్షన్నర బాకీ ఒక్క రూపాయిగా సేవ్ అయింది. నెలాఖరున మొత్తం కూడితే గానీ బయటపడలేదు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

దానికి నేను చేసిన మార్పు చెబుతా. నంబర్‌ఫార్మాట్‌లోనే ఫార్మాట్‌టుపార్ట్స్ అని ఒక పద్ధతి ఉంది. ఒక నమూనా అంకె ఇస్తే, వాడే మనిషి భాషలో ఏది వేల గుర్తో, ఏది దశాంశ గుర్తో విడదీసి ఇస్తుంది. వేల గుర్తు తీసేసి, దశాంశ గుర్తు చోట చుక్క పెట్టి, అప్పుడు నంబర్‌గా మార్చాలి. నమూనా మాత్రం పెద్దదే ఇవ్వండి. స్పెయిన్‌లో వాడే స్పానిష్‌లో నాలుగంకెల సంఖ్యకి వేల గుర్తే పెట్టరు, కాబట్టి 1234 ఇస్తే ఆ గుర్తు మీకు దొరకదు. డేటాబేస్‌లో ఉత్త అంకె మాత్రమే దాచండి, కామాలు చూపించేటప్పుడే పెట్టండి.

ఇంత చేసినా మనిషి ఏ ఉద్దేశంతో కొట్టాడో కోడ్‌కి తెలియదు. అందుకే బాబాయి యాప్‌లో అంకె కొట్టే పెట్టె కింద అక్షరాల్లో కూడా చూపిస్తున్నాను: లక్షా యాభై వేల రూపాయలు. బ్యాంకు చెక్కు మీద రాసినట్టు. అంకెను మాటల్లోకి మార్చే పని ఇంటల్ చేయదు, ఆ ఫంక్షన్ నేనే రాసుకున్నాను. ఇప్పుడు బాబాయి పెట్టెలోని అంకె వైపు కూడా చూడరు, కింద ఉన్న మాట చదివి సేవ్ నొక్కుతారు.