మొదటి సంతకం యజమానిది

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించాలని ఉంది. కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు, అందుకని నేరుగా విషయంలోకి వస్తున్నాను.

ఒంగోలు, చీమకుర్తి వైపు ఆఫీసులకు ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్లు, నెట్‌వర్కులు బిగిస్తున్నాను. 'సంస్థల్లో నెట్‌వర్క్ భద్రతా నియమాలు ఎలా రాసుకోవాలి' అనే అంశం మీద మాట్లాడమన్నారు. వరుసగా రాసుకొచ్చాను కూడా. కానీ ముందు వరుసలో ఇంతమంది గ్రానైట్ వాళ్ళను చూశాక ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

గెలాక్సీ గ్రానైట్ పలకలు ఎగుమతి చేసే యూనిట్ ఒకటి. పేరు వద్దు. ఆ యజమాని ఒకరోజు నన్ను పిలిచి, "రాత్రిపూట ఇంట్లో కూర్చుని ట్యాలీలో లెక్కలు చూసుకోవాలి, ఏదో ఒకటి చెయ్యవయ్యా" అన్నారు. రూటర్‌లో 3389 పోర్ట్, అంటే ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే ఒక దారి, తెరిచి, ఆఫీసు ఫైళ్ళుండే సర్వర్‌ను ఇంటి నుంచే నడిపేలా రిమోట్ డెస్క్‌టాప్ కలిపాను. అయిదు నిమిషాల పని. ఎన్నాళ్ళు తెరిచి ఉంచాలని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మూడేళ్ళు అది అట్టాగే ఉంది.

ఒక సోమవారం పొద్దున ఆఫీసు తెరిస్తే ఫైళ్ళన్నీ లాక్. బిల్లులు, షిప్పింగ్ కాగితాలు, జీతాల లెక్కలు, అన్నీ. డబ్బు కడితేనే తెరుస్తామని తెర మీద నోటీసు. బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఉంది కానీ, అది ఎప్పుడూ సర్వర్‌కే తగిలించి ఉండేది. అదీ పోయింది.

అకౌంట్స్ చూసే కుర్రాడు అంతకు ముందు వారం ఏదో మెయిల్‌లో వచ్చిన ఫైల్ తెరిచాడని ఎవరో అన్నారు. అంతే, సాయంత్రానికల్లా అతన్ని పంపించేశారు. పాతికేళ్ళు కూడా లేవు. వాళ్ళ నాన్న క్వారీలో పని చేసేవాడు.

పది రోజుల తర్వాత నేను కూర్చుని సర్వర్ లాగ్, అంటే ఎవరెప్పుడు లోపలికి రాబోయారో నమోదయ్యే చిట్టా, చదివాను. తప్పుడు పాస్‌వర్డ్‌లతో వేలసార్లు ప్రయత్నించిన గుర్తులున్నాయి. చివరికి ఆదివారం తెల్లవారుజామున లోపలికి వచ్చారు. ఎవరి పేరుతో వచ్చారో తెలుసా? ఏడాది క్రితం పని మానేసిన గుమాస్తా పేరుతో. అతని ఖాతా ఎవరూ తీసెయ్యలేదు. తీసెయ్యాలని ఎక్కడా రాసి లేదు. కుర్రాడు తెరిచిన మెయిల్‌కూ దీనికీ సంబంధమే లేదు. వెళ్ళి యజమానికి చెప్పాను. "ఇప్పుడెందుకులే, అయిపోయింది కదా" అన్నారు.

అయ్యా, అయిపోలేదు. అందుకే ఈ మైకు పట్టుకున్నాను.

ఒక్కసారి చేతులెత్తండి. పోయిన ఏడాది మీ దగ్గర మానేసినవాళ్ళ పాస్‌వర్డ్ ఇప్పటికీ పనిచేస్తుందో లేదో ఖాయంగా చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? ... నాలుగు చేతులు. ఇంత హాలులో నాలుగే.

నేను రాసుకొచ్చినవాటిలో ముఖ్యమైనవి చెబుతాను. నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో ముందు దారులన్నీ మూసెయ్యాలి, అవసరమైనవి మాత్రమే తెరవాలి. మనవాళ్ళు తిరగేసి చేస్తారు. ఏది తెరిచినా నాలుగు సంగతులు రాయండి: ఎవరు అడిగారు, ఎందుకు, ఎవరు ఒప్పుకున్నారు, ఏ తేదీన మూసెయ్యాలి. ఆ చివరి తేదీ ఒక్కటి రాసి ఉంటే నేను తెరిచిన పోర్ట్ మూడేళ్ళు ఉండేది కాదు. ఇంటి నుంచి చూసుకోవాలంటే వీపీఎన్, అంటే బయటివాళ్ళకు కనపడని రహస్య దారి, పెట్టుకోండి, దానికి పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ కూడా ఉండాలి. మనిషి మానేసిన రోజే, అతని చివరి జీతం లెక్క కట్టేటప్పుడే, ఖాతా తీసెయ్యాలి. బ్యాకప్ ఒకటి తీగ పీకేసి బీరువాలో ఉండాలి. దాన్నుంచి ఫైళ్ళు తిరిగి వస్తున్నాయో లేదో నెలకోసారి చూడాలి.

పాస్‌వర్డ్ నెలనెలా మార్చమనే నియమం మాత్రం దయచేసి రాయకండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే అట్టా బలవంతం చెయ్యొద్దంది. మారుస్తూ పోతే జనం చివర అంకె ఒక్కటి మారుస్తారు, లేదా చీటీ రాసి మానిటర్‌కు అంటిస్తారు. పొడుగు పాస్‌వర్డ్ ఒకటి చాలు, బయటపడిందని అనుమానం వస్తే మార్చండి.

దాడి జరిగితే దాచకండి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇట్టాంటివి తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్ళకు చెప్పాలి, లాగ్‌లు 180 రోజులు భద్రంగా ఉంచాలి. బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే డబ్బు పంపకముందే, మీ దగ్గరున్న పాత నంబరుకే ఫోన్ చేసి అడగండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

మిగతావి వదిలేస్తున్నాను, టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషం.

ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళాను. పోర్ట్ తెరిచింది నేనని వాళ్ళ నాన్న ముందే చెప్పాను. ఆయన నన్నేమీ అనలేదు. "ఇదే మాట అక్కడ అందరి ముందూ చెప్పి ఉంటే బాగుండేది సార్" అన్నాడు.

బయట టేబుల్ మీద కాగితాలు పెట్టాను. ఒక్క పేజీయే, తెలుగులోనే ఉంది. కింద సంతకాలకు గళ్ళున్నాయి. మొదటి గడి యజమానికి, రెండోది నాలాగా నెట్‌వర్క్ చూసేవాళ్ళకు, ఆ తర్వాతే ఉద్యోగులకు. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. పెన్నులు కూడా అక్కడే ఉన్నాయి.