అక్కడ 'అమా' అంటే నాన్న

అందరికీ నమస్కారం.

తెలుగు భాషా దినోత్సవం నాడు ఫిలిప్పీన్స్‌లోని ఇలొకానో గురించి, దక్షిణాఫ్రికాలోని ఖోసా గురించి మాట్లాడతానంటే ఈ సభ పెట్టినవాళ్లు కాస్త తటపటాయించారు. ఇవాళ గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి, ఆయనకైతే అభ్యంతరం ఉండదు లెండి అన్నాను. ఒప్పుకున్నారు.

ఈ రెండు భాషలకీ చుట్టరికం లేదు. ఇలొకానో ఆస్ట్రొనేసియన్ కుటుంబంలోది, మలయ్ భాష వైపు బంధువు. లూజాన్ దీవి ఉత్తరాన పుట్టింది. 1906 నుంచి చెరకు తోటల కూలీలతో పాటు హవాయికీ వెళ్లింది. మనవాళ్లు 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి నటాల్ చెరకు తోటలకు వెళ్లినట్టే. ఖోసా బంటు కుటుంబంలోది, జులూకి చెల్లెలి వరస, నెల్సన్ మండేలా ఇంట్లో మాట్లాడిన భాష. ఒక్కోదానికీ 80 లక్షల అటూ ఇటూ మాతృభాషీయులున్నారు.

మరి ఈ రెండిటినీ పక్కపక్కన ఎందుకు పెట్టాను? వాట్సాప్ ఫార్వర్డుల మీద కోపంతో. 'ఫలానా దేశంలో కూడా అమ్మని అమ్మే అంటారట, అంటే వాళ్లు మనవాళ్లే' అని నెలకొకటి వస్తుంది. ఆ లెక్కన చూద్దాం. ఇలొకానోలో 'అమా' అంటే నాన్న, అమ్మేమో 'ఇనా'. ఖోసాలో 'మామా' అంటే అమ్మ. అంటే మా మేనమామ అక్కడికెళ్తే ఎవరికో తల్లి అయిపోతాడు! పసిపిల్లల నోట ముందు పలికేవి మ, అ, ప లాంటి శబ్దాలే. ఏ ఊళ్లోనైనా వాటినే పట్టుకుని అమ్మానాన్నలకి పేర్లు పెట్టుకున్నారు. అందులో చుట్టరికం వెతక్కండి.

అసలైన సంబంధం ఇంకోచోట ఉంది, ఫార్వర్డుల్లో రాదు. ఇలొకానోలో ముఖాన్ని 'రూపా' అంటారు. అది సంస్కృతం మాటే, మలయ్ ప్రాంతపు వర్తకుల నోటమ్మట సముద్రం దాటింది. మన 'రూపం' కూడా సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నదే. ఒకే కొట్లో అప్పు చేసిన ఇద్దరం అన్నమాట, అన్నదమ్ములం కాదు.

ఇక ఖోసా. దీని పేరే మనం సరిగ్గా పలకలేం. మొదటి శబ్దం క కాదు, ఖ కాదు. జట్కావాడు గుర్రాన్ని అదిలించడానికి నాలుకని పక్క పళ్ల దగ్గర నుంచి లాగి చప్పుడు చేస్తాడే, అది. రోమన్ లిపిలో దానికి ఎక్స్ రాస్తారు. సి అని రాసేది ఇంకా తేలిక: పరీక్ష పోయిందని తెలిస్తే 'ప్చ్' అంటాం చూడండి, అచ్చం అదే. క్యూ అంటే సీసా బిరడా లాగినప్పటి 'టక్'. 1823లో స్కాట్లండ్ మిషనరీలు అక్కడికి అచ్చు యంత్రం తెచ్చారు. ఖోసాకి అవసరం లేని రోమన్ అక్షరాలు మూడు ఖాళీగా దొరికితే ఈ శబ్దాలకి ఇచ్చేశారు. మనకి నిట్టూర్పుగా మిగిలిపోయిన చప్పుడు వాళ్లకి హల్లు.

ఇవి బంటు భాషల సొంత ఆస్తి కాదు. ఆ నేలమీద అంతకుముందే ఉన్న ఖోయిసాన్ జనాల నుంచి వచ్చాయి. ఎలా అన్నదానికి భాషావేత్తలు చెప్పే ఒక కారణం నాకు భలే ఇష్టం. ఖోసాల్లో 'హ్లొనిపా' అనే మర్యాద ఉంది. కొత్త కోడలు మామగారి పేరే కాదు, ఆ పేరులోని అక్షరాలున్న మాటలు కూడా పలకకూడదు. మామగారు పాపారావు అనుకోండి, ఇక పాలు, పాప, పాము అన్నిటికీ వేరే మాటలు వెతుక్కోవాలి. అలా నిషేధం పడ్డ హల్లు తీసేసి, ఆ చోట పొరుగు భాష శబ్దం పెట్టి ఆడవాళ్లు పని జరుపుకున్నారని ఊహ. మా నాయనమ్మ గుర్తొస్తుంది. జనాభా లెక్కలవాళ్లు వస్తే తాతయ్య పేరు చెప్పడానికి నన్ను కేకేసేది. మన మర్యాద నోరు కట్టేసి ఊరుకుంది, వాళ్ల మర్యాద ఒక భాష శబ్దాలనే మార్చి ఉండొచ్చు.

వ్యాకరణంలో ఒక్కటే చూపిస్తాను. 'ఉమ్‌న్టు ఒమ్‌దాలా' అంటే ముసలి మనిషి. 'అబాన్టు అబాదాలా' అంటే ముసలివాళ్లు. 'ఇసిత్యా ఎసిదాలా' అంటే పాత పళ్లెం. నామవాచకం తల మీద ఏ టోపీ ఉందో విశేషణం అదే తరహా టోపీ పెట్టుకోవాలి, క్రియ కూడా అంతే. మనకి ఈ పని మాట చివర జరుగుతుంది: వచ్చాడు, వచ్చారు, వచ్చింది. అయితే ఖోసాలో వచ్చింది ఆడో మగో క్రియ చెప్పదు. ఇలొకానోలోనూ అంతే, 'ఇసునా' అంటే అతను, ఆమె కూడా. మనమేమో 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అని ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తాం. దీనికి సంజాయిషీ నన్నడక్కండి.

ఇలొకానోలో క్రియ వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది, మనలా చివరిదాకా ఆగదు. పైగా మన చూపు ఎవరి మీద ఉందో దాన్నిబట్టి క్రియ రూపం మారుతుంది. కొనడమే తీసుకోండి: 'గుమాతాంగ్' అంటే కొనేవాడి మీద చూపు, 'గతాంగెన్' అంటే కొనే వస్తువు మీద, 'ఇగతాంగన్' అంటే ఎవరికోసం కొంటున్నామో వాళ్ల మీద. ఈ మూడోదానికి మనకి 'కొనిపెట్టు' ఉంది. తమ్ముడికి చెప్పులు కొన్నాను అనడానికీ, కొనిపెట్టాను అనడానికీ తేడా మీకు తెలుసు.

వాళ్ల పాత లిపి బ్రాహ్మీ సంతతే. 'క' అని ఒక అక్షరం, గుర్తు తగిలిస్తే కి, కు. కానీ పొల్లు లేదు! మాట చివరి హల్లుని చదివేవాడే ఊహించుకోవాలి. ఫ్రాన్సిస్కో లోపెజ్ అనే స్పెయిన్ ఫాదరీ ఇలొకానోలో 1621 నాటి తన మతబోధ పుస్తకం కోసం అక్షరం కింద చిన్న శిలువ గుర్తు పెట్టి పొల్లు తయారుచేశాడు. ఆ లిపి మాత్రం రోమన్ ముందు నిలవలేదు.

చివరగా, మనకున్న ఓ సౌకర్యం. 'మనం', 'మేము' తేడా ఇంగ్లీషుకి లేదు, ఖోసాకీ లేదు. ఇలొకానోకి ఉంది: 'దతాయో' మనం, 'దకమి' మేము. పైగా మనకి లేని మూడోది 'దతా', అంటే నువ్వూ నేనూ ఇద్దరమే. అందుకే 'పద' అనడానికి రెండు మాటలు. ఇద్దరమే అయితే 'ఇంతాన్', అందరం అయితే 'ఇంతాయొన్'.

వెనక విస్తళ్లు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంతాయొన్.